నేను చెక్కిన కొయ్య కప్పు

మీ వంటింట్లో చెక్క సామాను ఏమేం మిగిలిందో ఒక్కసారి లెక్క చూడండి. అప్పడాల కర్ర తప్పకుండా ఉంటుంది. పప్పుగుత్తి ఉంటుంది. కవ్వం మిక్సీ వచ్చాక అటకెక్కి ఉంటుంది. నాన్‌స్టిక్ పెనాల పుణ్యమా అని చెక్క గరిటెలు మాత్రం మళ్లీ పొయ్యి దగ్గరికి వచ్చాయి. కానీ తాగడానికి చెక్క గ్లాసు ఎవరింట్లోనైనా ఉందా? షుగరు ఉన్నవాళ్లు కొందరు వేగిస చెక్క గ్లాసు కొనుక్కుని, రాత్రి నీళ్లు పోసి పొద్దున్నే తాగుతుంటారు. తాగితే తాగండి గానీ, దాన్ని నమ్ముకుని డాక్టరు రాసిన మాత్రలు మాత్రం మానకండి.

నేను చెప్పబోయేది ఆ గ్లాసు సంగతి కాదు. ఫిన్లాండు దేశంలో 'కుక్సా' అని ఒక చెక్క కప్పు ఉంది. కుక్క కాదండీ, కుక్సా! ఒక్క చెక్క ముక్కలోంచే గిన్నే, పిడీ రెండూ వచ్చేలా చెక్కుతారు. అతుకు ఉండదు, మేకు ఉండదు. దాన్ని నేను నా చేతులతో చెక్కాను. నలభై ఏడేళ్ల దాన్ని, ఇంటర్ చదివి పెళ్లి చేసుకుని, ఇరవై ఏడేళ్లుగా గరిటె తప్ప మరో పనిముట్టు పట్టని దాన్ని. నవ్వకండి. మా ఇంట్లోవాళ్లు ఆ పని ముందే చేసేశారు.

2024 ఆగస్టులో మా అమ్మాయి పురుటికి ఫిన్లాండు వెళ్లాను. అమ్మాయీ, అల్లుడూ ఔలు అనే ఊళ్లో ఉంటారు. ఉత్తరాన సముద్రం ఒడ్డున ఉన్న ఊరది. వీసా తొంభై రోజులకే. ఆ తొంభై రోజులూ పిల్లాడికి నలుగు పెట్టడం, బాలింతకు కారప్పొడీ వెల్లుల్లీ వేసి అన్నం కలిపి పెట్టడం, ఇదే పని అనుకుని వెళ్లాను. తీరా వెళ్లాక చూస్తే అల్లుడికీ సెలవే! అక్కడ 2022 నుంచి తల్లికీ తండ్రికీ చెరి 160 రోజులు బిడ్డ కోసం సెలవు ఇస్తారు. అతను పిల్లాడికి స్నానం పోస్తాడు, గుడ్డలు మారుస్తాడు, అర్ధరాత్రి భుజాన వేసుకుని తిరుగుతాడు. మొదటి వారం నాకు కాళ్లూ చేతులూ కట్టేసినట్టయింది. అది చూసి అల్లుడే, "అత్తయ్యా, శనివారం శనివారం మీరు కాస్త బయటికి వెళ్లిరండి. మా ఊళ్లో పెద్దవాళ్లకి కూడా బడి ఉంది" అన్నాడు.

నిజంగానే ఉంది. అక్కడ ఏ ఊళ్లోనైనా ఉద్యోగస్తులూ, ముసలివాళ్లూ వెళ్లి ఏదో ఒకటి నేర్చుకునే బళ్లుంటాయి. కొంచెం ఫీజు కడితే చాలు. మా అమ్మాయి ఆ పట్టిక ముందేసుకుని కుట్టుపని, అల్లిక, కుండలు అని చదువుకుంటూ పోయి, 'చెక్క పని, కుక్సా' దగ్గర ఆగి నా మొహంలోకి చూసింది. ఎందుకు చూసిందో మీకు తెలియాలంటే మా పుట్టింటి సంగతి చెప్పాలి.

మా నాన్న వడ్రంగి. గోదావరి లంకల్లో మా ఊరు. నల్ల తుమ్మతో నాగలి, టేకుతో ద్వారబంధం, చింత మొద్దుతో కత్తిపీట, ఏ పనికి ఏ చెక్కో చెట్టు నిలబడి ఉండగానే చెప్పేసేవాడు. మా ఇంటి వసారాలో ఎప్పుడూ చితుకులూ పొట్టూ ఉండేవి. అన్నయ్యనీ తమ్ముణ్నీ బాడిస పట్టించి కూర్చోబెట్టేవాడు. నాకు మాత్రం పనిముట్టు ముట్టుకోవడానికి వీల్లేదు. ఆడపిల్ల ఉలి దాటకూడదని మా నాన్నమ్మ కట్టడి. ఏడాదికి ఒక్కరోజు, విజయదశమి నాడు మాత్రం, కడిగి వరసగా పెట్టిన సామాన్లన్నిటికీ పసుపూ కుంకుమా నేనే పెట్టేదాన్ని. ఆ ఒక్క పూటా బాడిస ఎంత బరువుందో, ఏ ఉలి పిడి ఎంత అరిగిందో చేత్తో తెలిసేది. మిగతా రోజుల్లో వసారా గుమ్మంలో బియ్యం ఏరుకుంటూ చూసేదాన్ని. అన్నయ్యకి చెప్పే మాటలన్నీ నా చెవిన పడేవి. "నార ఎటు పోతోందో చూసి కొట్టరా, ఎదురు కొడితే చెక్క లేస్తుంది" అని రోజుకి పదిసార్లు అనేవాడు.

అన్నయ్య ఇప్పుడు కాకినాడలో సిమెంటు వ్యాపారం చేస్తున్నాడు. తమ్ముడు మస్కట్‌లో ఉన్నాడు. ఇద్దరూ చల్లగా ఉండాలి. నాన్న సామాను పెట్టె మాత్రం పశువుల పాకలో గోనెపట్టా కింద ఉంది.

అమ్మాయి నా మొహంలోకి చూసింది అందుకన్నమాట. "పేరు రాసెయ్యనా అమ్మా?" అంది. రాసెయ్యమన్నాను.

సెప్టెంబరు మొదటి శనివారం వెళ్లాను. మొత్తం తొమ్మిదిమందిమి, అందులో ఆరుగురు ఆడవాళ్లే. నేర్పే ఆవిడకి అరవై దాటి ఉంటాయి. ఇంగ్లీషు నాకెంత వచ్చో ఆవిడకీ అంతే. ఆడవాళ్లు అంత మామూలుగా రంపం అందుకోవడం చూసి ఆశ్చర్యపోయాను. అమ్మాయి తర్వాత చెప్పింది. ఊనో సిగ్నేయస్ అనే ఆయన పూనికతో 1866లోనే ఆ దేశం బళ్లలో చేతిపనిని తప్పనిసరి పాఠం చేశారట. మొదట్లో మగపిల్లలకు చెక్క పని, ఆడపిల్లలకు కుట్టూ అల్లికా. ఇప్పుడు ఆ తేడా లేదు, ప్రతి పిల్లా ప్రతి పిల్లాడూ సూదీ పట్టాలి, ఉలీ పట్టాలి. అల్లుడి ఆఫీసులో పనిచేసే అమ్మాయి ఇంట్లో స్టూలు తనే చేసుకుందంటే నమ్మలేదు గానీ, ఆ తర్వాత నమ్మాను.

ఇంతకీ కుక్సా సంగతి. అసలు ఇది సామీ జనానిది. నార్వే, స్వీడన్, ఫిన్లాండుల ఉత్తరపు కొసలోనూ, రష్యాలో కొంత మేరా ఉంటారు వాళ్లు. అనాదిగా రెయిన్‌డీర్లను మేపుకుంటూ, చేపలు పట్టుకుంటూ బతికినవాళ్లు. వాళ్ల భాషలో దీని పేరు 'గుక్సి'. మంచులో తిరిగేవాళ్లు కదా, నడుముకి కట్టుకుని వెళ్లి, వాగు కనిపిస్తే నీళ్లు ముంచుకోవడానికీ, నెగడు వేసుకుంటే కాఫీ పోసుకోవడానికీ అదే. గడ్డకట్టే చలిలో ఇనప కప్పు పెదవికి అంటుకుంటుంది. చెక్క అంటుకోదు. వేడి కాఫీ పోసినా చెయ్యి కాలదు. బజారులో ఇప్పుడు టూరిస్టుల కోసం మిషను మీద చేసినవీ, ఏవేవో కలపలతో చేసినవీ అమ్ముతున్నారు. చూడ్డానికి నున్నగా ఉంటాయి, అంతే. ఇంకో మాట కూడా ఉంది. కుక్సాని తనకోసం తాను కొనుక్కోకూడదట, ఎవరైనా ఇస్తే పుచ్చుకోవాలట. ఇది వినగానే నాకు మన సారె సామాను గుర్తొచ్చింది.

దీనికి వాడేది బిర్చి చెట్టు. తెల్లటి బెరడుతో, దూరం నుంచి సున్నం కొట్టిన స్తంభంలా ఉంటుంది. మనవాళ్లు పూర్వం భూర్జపత్రాల మీద రాసేవారని వింటాం చూడండి, హిమాలయాల్లో పెరిగే ఆ భూర్జ చెట్టుకి ఇది స్వయానా చుట్టం. కాండం మీద అక్కడక్కడా కంతిలాగా బుడిపె లేస్తుంది. కుక్సాకి ఆ బుడిపే కావాలి. మామూలు చెక్కలో నార నిలువుగా పోతుంది, కాబట్టి ఎండితే నిలువునా చీలుతుంది. బుడిపెలో నార జడ అల్లినట్టు అటూ ఇటూ మెలికలు తిరిగి ఉంటుంది. చీలడానికి దారి దొరకదు. కానీ దొరికింది కదా అని కోసుకోవడానికి లేదు. ఆ దేశంలో అడవిలో పళ్లూ పుట్టగొడుగులూ ఎవరైనా ఏరుకోవచ్చు, అది అందరికీ ఉన్న హక్కు. బతికున్న చెట్టు మీద బుడిపె కొయ్యాలంటే మాత్రం ఆ అడవి యజమానిని అడగాల్సిందే, కోస్తే చెట్టుకి పుండు పడుతుంది మరి. మా పంతులమ్మ అడిగి కోయించిన బుడిపెలు రెండేసి ముక్కలు చేసి తెచ్చింది. ఇంకా తడిగానే ఉన్నాయి. ఎండాక రాయిలా అవుతుంది, తడిమీదే చెక్కాలి.

పెన్సిలుతో గుండ్రంగా గిన్నె, పక్కన పిడి గీశాం. ముందు లోపలి గుంట తవ్వాలి, బయట తర్వాత. బయట ముందు చెక్కేస్తే లోపల కొట్టేటప్పుడు పట్టుకోవడానికి ఏమీ మిగలదు. అందరికీ సామాను పంచారు. దోనెలా వంపు తిరిగిన ఉలి, కొడవలి పిల్లలాంటి వంకర కత్తి, చిన్న గొడ్డలి. బల్ల చివర ఒకటి ఉంది, అచ్చం మన బాడిస! కొంచెం చిన్నది, అంచు వంపు ఎక్కువ. నా చెయ్యి దాని మీదకే పోయింది. తీసి, అంచుని బొటనవేలి గోరు మీద ఆనించి చూశాను. పదునుంటే గోరు మీద నిలబడుతుంది, లేకపోతే జారిపోతుంది. మా నాన్న అలాగే చూసేవాడు. అది జారింది. తలెత్తితే పంతులమ్మ నన్నే చూస్తోంది. ఏమీ అనలేదు, నవ్వి, సాన రాయి తెచ్చి నా ముందు పెట్టింది. నేను నీళ్లు చిలకరించి నూరాను. నూరుతుంటే తెలిసింది, నేను మణికట్టు తిప్పే తీరు కూడా మా నాన్నదే. పక్కన కుర్చీలో కూర్చున్న ఆవిడ తన కత్తి కూడా నా ముందుకు జరిపింది. ఆ పూట నాలుగు కత్తులు నూరాను, భాషతో పని పడలేదు.

గుంట తవ్వడానికి రెండు శనివారాలు పట్టింది. అరిచెయ్యి బొబ్బలెక్కింది. బాలింత నా చేతికి వెన్న రాస్తుంటే అల్లుడు ఫోటో తీశాడు. గోడ మందం చిటికెన వేలంత, అడుగు ఇంకాస్త లావుగా ఉంచమన్నారు. ఎండేటప్పుడు కుంచించుకుంటుంది కనక మొదటే పల్చన చేయకూడదు.

ఆ తర్వాత పని మన వంటింటి పనే. పెద్ద గిన్నెలో నీళ్లు పోసి, రెండు గుప్పిళ్లు ఉప్పు వేసి, కప్పుని అందులో మునిగేలా పెట్టి రెండు గంటలు ఉడకబెట్టాలి. ఉప్పు ఎందుకంటే, అది తేమని పట్టి ఉంచుతుంది. పైన గబగబా ఆరిపోయి లోపల తడి ఉండిపోతే చెక్క పగులుతుంది. ఉప్పుంటే లోపలా పైనా ఒకేలా నిదానంగా ఆరుతుంది. మనం కొత్త రాచ్చిప్పని గంజి పోసి మరిగించి పదును చేసుకోమూ, అలాంటిదే. అమ్మాయి సాంబారు గిన్నెలో ఉడికించాను. నీళ్లు టీ డికాషన్ రంగుకి వచ్చాయి. ఇల్లంతా వానకి తడిసిన అడవి వాసన. అల్లుడు మూత తీసి చూసి, "అత్తయ్యా, పోపు ఎప్పుడు వేస్తారు?" అన్నాడు.

ఉడికాక తీసి, కాగితం సంచీలో చెక్క పొట్టు నింపి అందులో పాతిపెట్టాను. చల్లటి చోట ఉంచాలి. తొందరపడితే అంతే సంగతులు. మా క్లాసులో ఒకాయన గది వేడిచేసే గొట్టం పక్కన పెట్టాడట, పిడి నుంచి అంచుదాకా చీలిక వచ్చింది. ఆరిందో లేదో ఎలా తెలుస్తుంది? తూకం వేయడమే. మొదటి రోజు 430 గ్రాములు ఉంది. వారానికి 350. తర్వాత 305, ఆ తర్వాత 285, 281. ఆ మరుసటి వారం కూడా 281. ఇక తగ్గడం లేదంటే చెక్కలో ఆరాల్సిన తడి ఆరిపోయినట్టే. ఒక పక్క పిల్లాడి తూకం పెరుగుతోంది, ఇంకో పక్క కప్పు తూకం తగ్గుతోంది. రెండూ ఒకే కాగితం మీద రాసి ఫ్రిజ్‌కి అంటించాను. ఈ అయిదు వారాలూ ఊరికే కూర్చోబెట్టలేదు, చెంచాలు చెక్కించింది మా పంతులమ్మ.

చివర పని చాకుతోనే. పల్చగా లేపుతూ, చేత్తో తడుముతూ, మళ్లీ లేపుతూ పోవడమే. ఈ పని చేసేటప్పుడు బియ్యం ఏరుతున్నట్టే ఉంటుంది, కళ్ల కంటే వేళ్లకే ఎక్కువ తెలుస్తుంది. పిడి రెండు వేళ్లు దూరేలా తొలిచాను. గరుకు కాగితంతో రుద్ది, గోరువెచ్చటి అవిసె నూనె పట్టించాను. అవిసె నూనె ఎందుకంటే అది చెక్కలోకి ఇంకి గట్టిపడుతుంది. వేరుశెనగ నూనె లాంటివి గట్టిపడవు, జిడ్డుగా ఉండి పాత నూనె వాసన వస్తాయి. మీ చెక్క గరిటెలకీ, చపాతీ పీటకీ కూడా ఇది పనికొస్తుంది. నూనె రాసి, ఓ అరగంట ఆగి, మిగిలింది తుడిచేసి, నీడన ఆరబెట్టండి. కానీ ఒక జాగ్రత్త. అవిసె నూనె తుడిచిన గుడ్డని ముద్దచేసి మూల పడేయకండి. అది తనంతట తనే వేడెక్కి అంటుకోవచ్చు. మా పంతులమ్మ ప్రతి గుడ్డనీ నీళ్ల బకెట్లో వేయించేది. కడిగేటప్పుడు కూడా సబ్బు వద్దు, నానబెట్టొద్దు. వేడినీళ్లతో తొలిచి, తుడిచి, గాలికి బోర్లించడమే. చెక్క సబ్బుని పీల్చుకుంటే తర్వాత కాఫీలో ఆ సబ్బు మీరే తాగుతారు.

కాఫీ అంటే గుర్తొచ్చింది. ప్రపంచంలో మనిషికింతని చూస్తే కాఫీ బాగా ఎక్కువ తాగేవాళ్లలో వాళ్లొకరు. కొత్త కుక్సాలో మొట్టమొదట కాఫీ పోసి రంగు పట్టిస్తారు కొందరు. నా కప్పుకి పోసింది మన చిక్కటి ఫిల్టరు కాఫీ. నవంబరు మొదట్లో, మధ్యాహ్నం మూడున్నరకే చీకటి పడుతున్న రోజుల్లో, అందరం తలో గుక్కా తాగాం.

కప్పు అల్లుడికి ఇస్తాననుకుంది మా అమ్మాయి. అతనికి చెంచా ఇచ్చాను, నొచ్చుకోలేదు. కప్పు చీరల మధ్య పెట్టి తెచ్చింది మా నాన్న కోసం.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. అక్కడ ఉండగానే ఫోనులో నాన్నకి చెప్పాను, నేను బాడిస పట్టానని. కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత "అమ్మకి ఇస్తున్నాను" అని ఫోను ఇచ్చేశాడు. ఆ తర్వాత మళ్లీ ఫోను చేసినప్పుడల్లా పిల్లాడి గురించి అడిగాడే గానీ దీని ఊసు ఎత్తలేదు. కోపమో, నామోషీనో, నవ్వో నాకు తెలియలేదు. విమానంలో అదే ఆలోచన. అంత దూరం నుంచి మోసుకొచ్చింది ఆయన పక్కన పెట్టేస్తే?

నాన్నకి డెబ్బై ఎనిమిది. చెయ్యి వణుకుతుంది. స్టీలు గ్లాసులో వేడి కాఫీ ఇస్తే పట్టుకోలేడు, చల్లారిపోయాక తాగుతాడు. కప్పు చేతికిచ్చాను. కళ్లజోడు తెమ్మన్నాడు. అరుగు మీద వెలుతురుకి తిరిగి కూర్చుని, ముందు బోర్లించి అడుగు చూశాడు. తర్వాత పిడి. తర్వాత బొటనవేలు లోపల పెట్టి అంచు చుట్టూ తిప్పాడు, ఒకసారి కుడికి, ఒకసారి ఎడమకి. ఎంతసేపో చెప్పలేను. అమ్మ రెండుసార్లు అన్నానికి పిలిచింది.

"నార చూసి కొట్టావే. ఎవరు చెప్పారు?" అన్నాడు.

"నువ్వే నాన్నా."

"నేనెప్పుడు చెప్పాను నీకు?"

"అన్నయ్యకి చెబుతుంటే విన్నాను."

కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. ఇంకేమీ అనలేదు. కాఫీ ఆ కప్పులోనే పొయ్యమన్నాడు, వేడిగానే తాగాడు.

మర్నాడు పొద్దున్న నేను లేచేసరికి పాకలో పెట్టె అరుగు మీదుంది. దాన్ని హాల్లో గోడకి అలంకారంగా తగిలించుకుంటానని అన్నయ్య ఎప్పట్నుంచో అడుగుతున్నాడు. "పాతవి ఇప్పుడు ఫ్యాషను కదా" అంటాడు. నాన్న ఇసుకా కొబ్బరి పీచూ తెప్పించుకుని తుప్పు రుద్దుతున్నాడు. వణికే చెయ్యి సాన మీదికి వచ్చేసరికి కాస్త కుదురుగానే ఉంది. చిన్న బాడిసా, రెండు ఉలులూ విడిగా తీసి గుడ్డలో చుట్టి నా సంచీ పక్కన పెట్టాడు. అమ్మ మాత్రం, "ఈ వయసులో దానికెందుకండీ ఇవి, వేలు తెగితే?" అంటూనే ఉంది. నాన్న, "ఇన్నాళ్లూ కత్తిపీట మీద తెగలేదా?" అన్నాడు.

మా ఊళ్లో బిర్చి ఎక్కడ దొరుకుతుంది? నాన్న పనస మొద్దు ఒకటి చూపించాడు. బొబ్బిలి వీణ కూడా పనస మొద్దు తొలిచి చేసేదే కదా, తొలవడానికి అది మంచిదన్నాడు. కాకపోతే అది ముదరలేదట, వచ్చే వేసంగికి చూద్దామన్నాడు. ప్రస్తుతానికి చింత చెక్కతో పులిహోర కలిపే తెడ్డు ఒకటి చెక్కుతున్నాను. రాజమండ్రిలో మాది ఫ్లాటు, అందుకని మేడ మీద కూర్చుని కొట్టుకుంటున్నాను. మావారు రెండు రోజులు మొహం చిట్లించి, మూడోరోజు నీడ కోసం పాత గొడుగు తెచ్చి కట్టారు. మొన్న కింది వాటా ఆవిడ ఆ చప్పుడేమిటని పోట్లాటకే వచ్చింది. తెడ్డు చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూసి, తనకు కొంచెం పొడుగు పిడితో కావాలని చెప్పి వెళ్లింది.